బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుండాల?

అమ్మా,

మొన్న చిత్తూరు బస్సులో నువ్వడిగిన మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినాను. బంగారుపాళ్యం స్టాండులో దిగేలోపల చెప్పి ముగించే సంగతి కాదది. మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు, అప్పుడే మీ హెడ్మాస్టరు లైబ్రరీ నీకు అప్పగించినారు. పిలకాయలు చదివిన పుస్తకాల మీద వాళ్ళ చేతనే నాలుగు మాటలు రాయించి ఆన్‌లైన్‌లో పెట్టాలని నీ ఆశ. "ఎక్కడ మొదలుపెట్టాల సార్?" అన్నావు.

నేను ఈ మండలంలోనూ చుట్టుపక్కలా ముప్పైమూడేళ్ళు తెలుగు చెప్పినాను. అందులో చివరి పన్నెండేళ్ళు ఒక బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిలకాయలతో, ఒక చిన్న లైబ్రరీతో గడిచినాయి. అప్పుడు నేర్చుకున్నవి, తప్పు చేసి దిద్దుకున్నవి గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

1. ముందు తాళంచెవి సంగతి తేల్చుకో

నేను ఆ బడిలో చేరిననాడు లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో ఒక ఇనప బీరువా. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కాలం నాటి పుస్తకాలు కట్టిన దారం కూడా విప్పకుండా అందులో ఉన్నాయి. నాకు ఛార్జి అప్పగించిన అయ్యవారు యాక్సెషన్ రిజిస్టరు ముందర పెట్టుకుని ఒక్కో పుస్తకం లెక్కపెట్టి చూపించి సంతకం తీసుకున్నారు. "ఒకటి తగ్గినా మన జీతంలోనుంచే కట్టాల. ఎవరికీ ఇయ్యొద్దు సామీ" అని చెప్పినారు. ఆయన చెడ్డవాడు కాదు. అంతకుముందు ఎక్కడో పనిచేసినప్పుడు పోయిన పుస్తకాలకు ఆయన దగ్గర డబ్బు కట్టించుకున్నారంట. మన బడుల్లో పుస్తకాలకు చెదల కంటే ఈ భయమే ఎక్కువ చేటు చేసింది.

ఆ భయానికి మందు కూడా కాగితంలోనే దొరికింది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 215వ నియమం చదువు. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు పాఠకుల చేతులకు పోయివస్తే అయిదు పోవడం సహజమేనని అది ఒప్పుకుంటుంది. అందులో మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. అది కేంద్రం తన కార్యాలయాలకు రాసుకున్న నియమం, మన బడికి నేరుగా అంటదు. అయినా దాని నకలు తీసి ఇష్యూ రిజిస్టరు మొదటి పేజీలో అంటించి, హెడ్మాస్టరు ముందు పెట్టి మాట్లాడినాను. చదవడం వల్ల చిరిగినవి, పోయినవి ఏడాదికొకసారి రాసి, స్కూలు కమిటీ ముందు పెట్టి తీర్మానం చేయించుకునే పద్ధతి పెట్టుకున్నాము. ఆ తీర్మానం కాగితం చేతిలో ఉంటే నీకు రాత్రి నిద్ర పడుతుంది.

గ్రంథాలయ శాస్త్రానికి 1931లో ఐదు సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదటి సూత్రంగా పెట్టుకున్నది ఏమిటో తెలుసునా? పుస్తకం ఉన్నది వాడుకోవడానికి అన్నదే. అంత పెద్దాయన అంత చిన్న మాటను అన్నిటికంటే ముందు పెట్టినాడంటే, తాళం వేసేవాళ్ళను ఆయన ఎంతమందిని చూసి ఉంటాడో!

నేను తాళంచెవిని ఎనిమిదో తరగతి పాప చేతికిచ్చినాను. చాలా నిదానస్తురాలు, క్లాసులో నోరు తెరిచేది కాదు. మొదటి వారం బీరువా ముందు కాపలా నిలబడింది. రెండో వారం "ఈ బుక్కు నువ్వు చదవలేవు, ఇది తీసుకో" అని ఆరో తరగతి వాళ్ళకు చెప్పడం విన్నాను. పుస్తకం పేరు, నెంబరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, సంతకం అని ఐదు గడులు గీసిచ్చినాను. ఆ ఏడాది పదకొండు పుస్తకాలు పోయినాయి. వాటిలో నాలుగు మరుసటి ఏడు దసరా సెలవులకు ఇండ్లు దులుపుకున్నప్పుడు తిరిగొచ్చినాయి. నేను తాళం వేసి ఉంచినట్టయితే ఒక్కటీ పోయేది కాదు, ఒక్కరూ చదివేవాళ్ళూ కాదు.

2. పిలకాయలు తమ మాటను అచ్చులో చూడాల

మన వైపు పిలకాయలకు పుస్తకం అంటే భయం ఎందుకో చాలా కాలం నాకు అర్థం కాలేదు. ఇంట్లో "చెనిక్కాయలు" అంటారు, పుస్తకంలో "వేరుశెనగ" ఉంటుంది. ఇంట్లో "ఎనుము", పుస్తకంలో "గేదె". కొన్ని ఇండ్లలో తమిళం, కొన్ని ఇండ్లలో ఉర్దూ, పలమనేరు దాటితే కన్నడం వినపడుతుంది. ఆ బిడ్డకు తెలుగు పుస్తకం తెరిచిన ప్రతిసారీ వేరే ఊరికి పోయినట్టుంటుంది. నేనే తెలుగు అయ్యవారిని అయ్యుండి ఎన్నోమార్లు "అట్ల కాదు, ఇట్ల అనాల" అని సరిదిద్దినాను. ఆ మాటలన్నీ ఇప్పుడు నన్ను బాధిస్తాయి.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి "ఇస్కూలు పిలకాయల కత" తెచ్చి నాలుగు పేజీలు పైకి చదివినాను. క్లాసంతా ఒక్కసారి తల ఎత్తింది. "సార్, ఇది మనోళ్ళు రాసిందా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగినాడు. మనోళ్ళే నాయనా అన్నాను. ఆ పీరియడు గంట కొట్టినా ఎవ్వరూ లేవలేదు. ఆ తరవాత "సినబ్బ కతలు", "మిట్టూరోడి కతలు" తెప్పించినాను. పల్లెల్లో అయ్యవారుగా బతుకంతా గడిపి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మధురాంతకం రాజారాం గారు కూడా మన జిల్లావారే. ఆయన కథల్లో చిన్నవి ఏరి ఎనిమిదో తరగతికి ఇవ్వొచ్చు.

డాక్టర్ కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" సంగతి వేరే చెప్పాల. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన ఒంటిగా రాత్రంతా అడవిలో పడే పాటు అది. పిలకాయల కోసం రాసిన నవల కాదు. ఇవ్వాలా వద్దా అని వెనకాముందాడినాను. చివరికి ఒక అబ్బోడికి ఇచ్చినాను. వాళ్ళ మామిడి తోపు కౌండిన్య అడవి అంచున ఉంది. ఏనుగులు దిగిన రాత్రుళ్ళు నిద్ర ఉండదు. వారం తరవాత వాడు రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది: "ఈ తాత అడివిలోకి ఒక్కడే పోతాడు. మా నాయన కూడా రాత్రి తోపు కాడికి ఒక్కడే పోతాడు. ఏనుగులొస్తే పటాకులు కాలుస్తాడు. ఈ తాతకి పటాకులు గూడా ల్యా. చదివినాక మా నాయన వచ్చినదాకా మేలుకున్నా."

ఇంతకంటే మంచి సమీక్ష నేను పెద్దల పత్రికల్లో కూడా చూడలేదు. దాన్ని నేను ఒక్క అక్షరం దిద్దలేదు. నువ్వూ దిద్దొద్దు. పరీక్ష కాగితంలో దిద్దు, అది నీ పని. పుస్తకం గురించి వాడు ఇంకొకరితో చెప్పుకునే మాట మాత్రం వాడి సొంతం.

3. బంక, దారం, అట్ట

బీరువాను గోడకు జానెడు ఎడంగా జరుపు, కాళ్ళ కింద రాళ్ళు పెట్టు. చెదలు గోడ నుంచే వస్తాయి. మైదా బంక కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం గనక ఆ పని నువ్వే చెయ్యి, పిలకాయల చేత చేయించొద్దు. దారంతో కుట్టడం, అట్ట వెయ్యడం మాత్రం వాళ్ళకివ్వు. తన చేత్తో కుట్టిన పుస్తకాన్ని ఏ బిడ్డా చింపదు. పుస్తకాలు వరస పెట్టే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అంకె. ఆ అంకె నీకు తెలిస్తే మంచిదే, పిలకాయలకు మాత్రం రంగు కాగితాలు చాలు. కథకు ఎరుపు, సైన్సుకు పచ్చ, బొమ్మల పుస్తకానికి పసుపు.

4. "నీతి" అని రాయనియ్యొద్దు

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఇది. "పుస్తకం చదివి సమీక్ష రాయండి" అన్నాను. ముప్పై కాగితాలు వచ్చినాయి. ముప్పైలోనూ మొదటి వాక్యం "ఈ పుస్తకం చాలా బాగుంది", చివరి వాక్యం "నీతి: ఐకమత్యమే మహాబలము". నడుమ వెనక అట్ట మీదున్న మాటలు. వాళ్ళ తప్పు కాదమ్మా. పరీక్షల్లో మనం నేర్పించిందే వాళ్ళు మనకు తిరిగిచ్చినారు.

ఆ కాగితాలు పక్కనబెట్టి ఒక సాయంత్రం ఆలోచించినాను. మా కాలంలో మేం పుస్తకాల గురించి ఎట్ల మాట్లాడుకున్నాము? చందమామ 1947లో మొదలైంది, మా ఇంటికి మా పెదనాయన తెచ్చేవాడు. ఆ నెల సంచిక ముందుగా చదివినవాడు మిగతావాళ్ళ దగ్గర చేసే హంగామా ఇంతా అంతా కాదు. "ఆ గుహలోకి పోయినాడా... ఆ తరవాత చెప్పను పో" అనేవాడు. అదీ సమీక్ష. వినేవాడికి ఆ పుస్తకం కోసం చేతులు దురద పుట్టాల.

అప్పటి నుంచి సమీక్ష అనే మాటే మానేసినాను. నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాసేవాణ్ణి. ఏ పేజీ కాడ ఆగిపోయినావు, ఎందుకు? ఏ మాట అర్థం కాలేదు? ఈ పుస్తకంలో ఎవరి పక్కన కూచుని సద్ది తింటావు? దీన్ని మన బడిలో ఎవరికిస్తావు, వాళ్ళకే ఎందుకు? చివరి ప్రశ్న అన్నిటికంటే పనికొచ్చింది. రాసే బిడ్డ కళ్ళ ముందర అయ్యవారు పోయి, ఒక స్నేహితురాలు వచ్చి కూచుంటుంది. అప్పుడు భాష దానంతటదే మారిపోతుంది. "దీన్ని మా తరగతిలో ఎప్పుడూ ఏడ్చే పిల్లకిస్తా. ఇందులో పాప కూడా ఏడుస్తుంది, కానీ చివర్లో వాళ్ళ అవ్వ దగ్గరికి పోతుంది" అని ఆరో తరగతి పాప రాసింది. ఆ పుస్తకం ఆ ఏడ్చే పిల్లకే చేరింది. నేను చెయ్యలేని పని అది. నాకు ఆ పిల్ల ఎందుకు ఏడుస్తుందో కూడా అప్పటికి తెలియదు.

"నచ్చలేదు" అని రాసే స్వేచ్ఛ కూడా ఇవ్వు. ఒకడు తెలివితేటల కథల పుస్తకం ఒకటి చదివి, "రాజు ప్రతిసారీ బంగారం ఇస్తాడు. ఒక్కసారి కూడా ఇవ్వకుండా ఉండడు. అందుకే ఎట్లయితుందో ముందే తెలిసిపోతుంది" అని రాసినాడు. దానితో గొడవ పడడానికి ఇంకో ముగ్గురు ఆ పుస్తకం తీసుకున్నారు. ఆ వారమంతా వరండాలో ఆ రాజు గురించే తగువు.

5. ముందు గోడ, తరవాత ఫోను

ఆన్‌లైన్ అని నువ్వు ఆరాటపడుతున్నావు. ఆ ఆరాటం మంచిదే. అయితే మొదటి పాఠకుడు పక్క బెంచీలో ఉన్నాడు. పోస్టుకార్డు అంత అట్టముక్క మీద రాయించి, ఆ పుస్తకం వెనక అట్ట లోపల అంటించు. తరవాత తీసుకున్నవాడు దాన్ని చదువుతాడు, దాని కింద తన మాట చేరుస్తాడు. మా దగ్గర ఒక బొమ్మల పుస్తకం వెనక ఐదేళ్ళలో తొమ్మిది అట్టముక్కలు చేరినాయి. చివరివాడు రాసింది పుస్తకం గురించి కూడా కాదు, "మా అక్క రాసింది తప్పు, ఆ కుందేలు తెల్లగా లేదు, బూడిద రంగు" అని.

కొన్ని ముక్కలు భోజనాల వరండా గోడకు అంటించు. మధ్యాహ్నం పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడిన బిడ్డ కళ్ళు ఎక్కడో ఒకచోట వాలాల కదా.

6. ఫోనులో పెట్టే ముందు

మన రాయలసీమలోనే చెన్నేకొత్తపల్లిలో ప్రకృతిబడి ఉంది. 2008లో అక్కడ "కొత్తపల్లి" అనే పిల్లల మాసపత్రిక మొదలయింది. పిలకాయలు రాసిన కథలు, వేసిన బొమ్మలు అచ్చులో వేసి, ఇంటర్నెట్‌లో కూడా అందరూ ఉచితంగా చదువుకునేటట్టు పెట్టినారు. పల్లెలో కూచుని రాసిన బిడ్డ కథను ఎక్కడో ఉన్న తెలుగు ఇంట్లో ఇంకో బిడ్డ చదువుకునేది. నాకు దారి చూపించింది అదే. నెల నెలా విడవకుండా చెయ్యడం, పిలకాయల మాటను పిలకాయల మాటగానే ఉంచడం వాళ్ళను చూసి నేర్చుకున్నాను.

నేను మా బడి మాటలు ఫోనులో పంచడం మొదలుపెట్టినప్పుడు మాత్రం తొందరపడినాను. ఒక ఏడో తరగతి పాప రాసిన కాగితాన్ని ఫొటో తీసి, పాప ముఖంతో సహా, పేరు ఊరు వేసి ఒక పెద్ద వాట్సాప్ గ్రూపులో పెట్టినాను. మెచ్చుకోలు మాటలు చాలా వచ్చినాయి. నడుమ ఒక పెద్దమనిషి "ఇదేం భాష? టీచర్లు నేర్పేది ఇదేనా?" అని రాసినాడు. పాప వాళ్ళన్న ఫోనులో ఆ మాట చూసింది. ఆ తరవాత నాలుగు నెలలు ఒక్క అక్షరం రాయలేదు. పుస్తకాలు తీసుకునేది, చదివేది, అట్టముక్క ఇస్తే ఖాళీగా తిరిగిచ్చేది. ఆ ఖాళీ అట్టముక్కలు ఎవరివి? నావి. ఆ పాపను అడిగి పెట్టలేదు, వాళ్ళమ్మను అడగలేదు, ఎవరెవరు చదువుతారో చూసుకోలేదు.

అప్పటి నుంచి ఈ కట్టుబాట్లు పెట్టుకున్నాను, నువ్వు తూచా తప్పకుండా పాటించు. ముఖం వద్దు. ఇంటిపేరు వద్దు, ఊరు వద్దు, బడి పేరుతో బిడ్డ పేరు కలిపి వద్దు. "ఏడో తరగతి పాఠకురాలు" అంటే చాలు, లేకపోతే బిడ్డ తనకు నచ్చిన ఒక మారుపేరు పెట్టుకోనీ. మా దగ్గర ఒకడు "తోతాపురి" అని పెట్టుకున్నాడు. అమ్మానాయనల ఒప్పుదల కాగితం మీద తీసుకో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కబెట్టి, వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం రాకముందు కూడా అది మన ధర్మమే. బయటివాళ్ళు కింద రాసే వీలు మూసెయ్యి. ఇంకో బడి పిలకాయలు జవాబు రాయాలనుకుంటే వాళ్ళ టీచరు నీకు పంపనీ, నువ్వు చదివి బిడ్డకివ్వు.

పుస్తకం సంగతీ చూసుకోవాల. విమర్శకో, సమీక్షకో ఒక పుస్తకాన్ని తగుమాత్రం వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అట్ట బొమ్మ చూపించి నీ మాట చెప్పు, రెండు వాక్యాలు ఎత్తిరాయి. పుస్తకమంతా స్కాను చేసి పంచొద్దు. తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అట్ల పంచితే వచ్చే ఏడు మన బీరువాకు కొత్త పుస్తకం ఉండదు. పంచుకోవడానికే పెట్టినవి కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. అందులో తెలుగు కథలు ఎవరైనా చదవొచ్చు, పంచొచ్చు, వేరే భాష నుంచి తెలుగులోకి మార్చి పెట్టొచ్చు కూడా. ఇంట్లో తమిళం మాట్లాడే బిడ్డ మా దగ్గర ఒకటి తమిళం నుంచి మార్చింది. తరగతిలో అన్నాళ్ళూ తెలుగులో వెనకబడిందని అనుకున్న బిడ్డ అది. రెండు భాషలు మోసే బిడ్డను మనం ఒక భాషతో తూచినాము.

7. రాయలేని బిడ్డ మాట

ఏడో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివేవాళ్ళు ఉంటారు. వాళ్ళను లైబ్రరీ పీరియడులో బీరువా దుమ్ము తుడవడానికి పెట్టొద్దు. నేను చూసిన చాలా చోట్ల అదే జరిగింది.

మా దగ్గర ఒక అబ్బోడు, తండ్రి బెంగుళూరులో కట్టడం పనికి పోయినాడు, ఇంట్లో జేజి, ఒక చెల్లెలు. రాయడం వచ్చేది కాదు. చెల్లెలికి చూపించమని బొమ్మల పుస్తకం ఇచ్చినాను. రెండు రోజుల తరవాత "ఏం చెప్పినావురా చెల్లెలికి?" అంటే, చేతులూ కాళ్ళూ ఊపుతూ పదినిమిషాలు చెప్పినాడు. పుస్తకంలో లేని నక్క కూడా వచ్చి చేరింది. నేను ఫోనులో రికార్డు చేసినాను. జేజిని అడిగి ఆ రికార్డును వాళ్ళ నాయనకు మాత్రం పంపినాను. ఆ రాత్రి తొమ్మిది దాటినాక నాకు ఫోను వచ్చింది. "సార్, మావోడేనా అది? ఇంకోసారి పంపండి, ఇక్కడ మావోళ్ళందరికీ వినిపిస్తా" అన్నాడాయన. ఆ తరవాత వారం వారం ఆ అబ్బోడు నాయనకు చెప్పడానికని పుస్తకం తీసుకునేవాడు. చెప్పాలంటే చదవాల కదా. ఎనిమిది ముగిసేసరికి కూడబలుక్కోకుండా చదివినాడు.

ఆన్‌లైన్ అంటే లోకానికంతా అనుకుంటాము. మన మండలంలో బెంగుళూరుకు, గల్ఫుకు పోయిన అమ్మానాయనలు ఎంతమంది లేరు! ఆ ఒక్కరికి చేరితే చాలు.

మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెలుగుకు గూగుల్ 2017లో ఇచ్చింది. మన పిలకాయలు దాన్ని ఇష్టంగా వాడతారు. కానీ మన యాస దానికి బాగా అందదు. "ల్యా" అంటే ఇంకేదో రాస్తుంది. మిషను రాసినదాన్ని బిడ్డ చేత చదివించి, తాను అన్న మాటే పడిందో లేదో వాడినే చూసుకోనియ్యి. మిషనుకు అర్థం కావడానికని బిడ్డ తన మాట మార్చుకునే పరిస్థితి రానియ్యొద్దు.

8. మామిడికాయల కాలం

జూన్ 12న బడి తెరుస్తారు. అప్పటికి మన దగ్గర తోతాపురి కోతలు, మండీలో ట్రాక్టర్ల బారులు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రింబవళ్ళు బండ్లు. జూలై దాకా సగం బెంచీలు ఖాళీ. కసురుకుని లాభం లేదు. ఏప్రిల్‌లో సెలవులిచ్చేటప్పుడే ఒక్కొక్కరికి మూడు పుస్తకాలిచ్చి పంపు. పోతాయని భయపడతారు, పోవు. తోపులో కాపలా మంచె మీద చదివేదానికి అంతకంటే మంచి కాలం లేదు. నా చేతికి మామిడి సొన మరకలతో తిరిగొచ్చిన పుస్తకాలు ఎన్నో. సొన మరక ఉందంటే ఎవరో చదివినారని గుర్తు పెట్టుకునేవాణ్ణి.

దూరం పల్లెల పిలకాయలకు పెట్టె పంపు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ ఊరూరికీ తిప్పినారు. మనకు కాలువ లేదు గానీ ఆటో ఉంది, పాలవ్యాను ఉంది. ఒక రేకు పెట్టెలో ఇరవై పుస్తకాలు, ఒక నోటుపుస్తకం, ఆ పల్లెలో ఒక పెద్దబిడ్డ. అది చాలు.

9. సర్కారు సొమ్ము మన సొమ్మే

2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, కథల పుస్తకాలు కూడా ఉండాలని రాసి ఉంది. సమగ్ర శిక్షలో లైబ్రరీ పద్దు వేరే ఉంటుంది. ఆ డబ్బు వచ్చినప్పుడు లిస్టు ఎవరు రాస్తారన్నదే ముఖ్యం. తాళంచెవి పట్టుకున్న బిడ్డను పక్కన కూచోబెట్టుకుని రాయి.

ఇంకొక పని చేయించు. పిలకాయలను వాళ్ళింటి పన్ను రసీదు చూసి రమ్మను. మన రాష్ట్రంలో ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థకు బలం అదే. మా దగ్గర ఒకడు రసీదు చూసొచ్చి, "సార్, మేం కూడా కట్టినామే! మా బుక్కులు ఎక్కడున్నాయి?" అన్నాడు. ఆ ప్రశ్నను పట్టుకుని వాళ్ళను శాఖా గ్రంథాలయానికి తీసుకుపోయి సభ్యత్వం కట్టించినాను.

10. లెక్క అడిగినప్పుడు

2020 నవంబరులో మన రాష్ట్రంలో "చదవడం మాకిష్టం" అని కార్యక్రమం పెట్టినారు. పేరు నాకు చాలా నచ్చింది. చదవడం మా బాధ్యత అనలేదు, మాకిష్టం అన్నారు. అట్లాంటివి వచ్చినప్పుడు రెండు చేతులా అందుకో. పీరియడు దొరుకుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

కానీ నెలకు ఇన్ని సమీక్షలు అని ఎవరైనా లెక్క పెడితే, ఆ లెక్క కోసం బిడ్డ చేత రాయించొద్దు. నేను చూసినాను, ఒకచోట ఒకే సమీక్షను నలభై మంది చూచిరాసినారు. చదివిన ప్రతి పుస్తకం గురించీ రాయాలని కూడా పట్టుబట్టొద్దు. కొన్ని పుస్తకాలు బిడ్డ లోపలే దాచుకుంటుంది. నాలుగు నెలలు రాయకుండా ఉన్న ఆ ఏడో తరగతి పాప చివరికి తానే ఒక అట్టముక్క అడిగి తీసుకుంది. జపాను బడి కథ "రైలుబడి" చదివింది. రెండే వాక్యాలు రాసింది: "ఆ బడిలో హెడ్మాస్టరు ఆ పాప మాటలు నాలుగు గంటలు విన్నాడు. నేను కూడా అన్ని మాటలు చెప్పగలను." దాన్ని నేను ఎక్కడా పెట్టలేదు. ఆ పాపను కూచోబెట్టి, "చెప్పమ్మా" అన్నాను.

శనివారం పొద్దున నేను మీ బడికి వస్తాను. యాక్సెషన్ రిజిస్టరు, ఇష్యూ రిజిస్టరు తీసి పెట్టు. బీరువాను గోడ నుంచి జరపడానికి ఎనిమిదో తరగతి పిలకాయలను ఇద్దరిని ఉండమను. దారం, పెద్దసూది, రంగు కాగితాలు నేను తెస్తాను. తాళంచెవి ఎవరికివ్వాలో నువ్వు అప్పటికే అనుకుని ఉండొద్దు. ముందు వాళ్ళను బీరువా ముందర వదిలి కాసేపు చూద్దాము.